దొరికిన రోజు, చేతికందిన రోజు: విజయనగరంలో ఒక పట్టణ స్టేషన్ ఏడాది పని

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ రికార్డులు రాసే రైటర్ బల్ల మీద ఒకే రకం కాగితాలు పేరుకుంటాయి. ఏడాదిలో నమోదైన నేరాలెన్ని, ఛేదించినవెన్ని, దర్యాప్తులో ఉన్న యూఐ కేసులెన్ని, కోర్టు విచారణలో ఉన్న పీటీ కేసులెన్ని, పోయిన సొత్తు విలువలో రికవరీ ఎంత శాతం అన్న వివరాలన్నింటినీ గత ఏడాది అంకెల పక్కన పెట్టి సబ్‌డివిజన్ కార్యాలయానికి పంపితే, అక్కడి నుంచి అవి జిల్లా వార్షిక నేర సమీక్షలోకి, ఆ మర్నాడు పత్రికల్లోకి వెళతాయి. విజయనగరం పట్టణంలోని ఒక స్టేషన్‌కు ఇన్‌స్పెక్టర్‌గా 2025 సంవత్సరపు నివేదిక నేనే రాశాను. ఆ ఏడాది మధ్యలో మేము చేసిన మార్పు చూడడానికి చాలా చిన్నది. రికవరీ రిజిస్టరులో సొత్తు స్వాధీనమైన తేదీ పక్కనే, అది యజమాని చేతికి అందిన తేదీ కోసం స్కేలు పెట్టి ఒక గడి అదనంగా గీశాం. ఆ గడి ఎందుకు గీయవలసి వచ్చింది, దానివల్ల ఏది కదిలింది, ఏది కదలలేదు, వచ్చే ఏడాదికి పెట్టుకున్న పనులు అందులోంచి ఎలా తేలాయి అన్నదే ఈ కేస్ స్టడీ. స్టేషన్ పేరు, క్రైమ్ నంబర్లు, మనుషుల ఆనవాళ్లు కావాలనే వదిలేశాను. మొత్తాల అంకెలు సమీక్షలో ఉన్నాయి కనుక వాటిని ఇక్కడ తిరగరాయడం లేదు.

పసుపుకొమ్ము

తెల్లవారుజామున గుడికి నడిచి వెళుతున్న ఒక పెద్దావిడ మెడలోని పుస్తెలతాడును మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు తెంపుకుపోయారు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ కింద కేసు కట్టాం. సీసీ కెమెరాల దృశ్యాలు, సెల్ టవర్ వివరాలు పట్టుకుని మా క్రైమ్ పార్టీ కొన్ని వారాల్లోనే నిందితులను పట్టుకుంది. గొలుసు ఒక తాకట్టు దుకాణంలో, పుస్తెలు రెండూ నిందితుడి ఇంట్లో అటక మీద జర్దా డబ్బాలో దొరికాయి. ఆ రోజు సాయంత్రం ఎర్ర గుడ్డ పరిచిన బల్ల మీద సొత్తు పెట్టి విలేకరుల సమావేశం జరిపాం, ఫొటోలు వచ్చాయి, సిబ్బందికి రివార్డుల సిఫారసు వెళ్లింది. రిజిస్టరులో ఆ కేసు ఎదురుగా రికవరీ నూటికి నూరు శాతం అని పడింది. మా లెక్కలో కేసు అక్కడికి పూర్తయింది. కోర్టులో చార్జిషీటు వేయడం ఒక్కటే మిగిలింది.

కొన్ని నెలల తర్వాత ఒక సోమవారం, ఫిర్యాదుల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి ఆవిడ నేరుగా స్టేషన్‌కు వచ్చారు. మెడలో పసుపుతాడు, దానికి కట్టిన పసుపుకొమ్ము. "బాబూ, దొరికిందని పేపర్లో ఏసినారు గదా. నా పుస్తెలు మీ బీరువాలో ఉన్నాయంట. నేను చూస్తే ఇలాగ పసుపుకొమ్ముతో తిరుగుతున్నాను. ఇంటి మనిషి బతికుండగా నాకెందుకు బాబూ ఈ కర్మ?" అన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో నన్ను చాలామంది చాలా మాటలు అన్నారు గానీ, జవాబు లేక నిలబడిపోయిన సందర్భాలు తక్కువ. ఆ రోజు రైటర్‌ను పిలిచి ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా తేదీలవారీగా రాయించాను.

సొత్తు దొరికిన నాటి నుంచి ఆవిడ మా దగ్గరకు వచ్చిన నాటికి ఏడు నెలలు గడిచాయి. అందులో ఎవరో కావాలని ఆపిన రోజు ఒక్కటి కూడా లేదు. ఎఫ్‌ఐఆర్‌లో ఆవిడ చెప్పినట్టే "మూడు తులాల పుస్తెలతాడు" అని రాసుకున్నాం. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పటి బంగారం దుకాణాల వాడుకలో తులం అంటే 10 గ్రాములు. ఆవిడ పెళ్లినాటి తులాలు చెప్పారు, మా కానిస్టేబుల్ ఇప్పటి తులాలు రాసుకున్నాడు. స్వాధీనం చేసుకున్నప్పుడు మధ్యవర్తుల నివేదికలో, అంటే పంచనామాలో, మా అలవాటు ప్రకారం "బంగారంలా కనిపించే పసుపు రంగు లోహపు గొలుసు" అని రాసి, తూకం గ్రాముల్లో వేయించాం. పుస్తెలు విడిగా వేరే చోట దొరికినందువల్ల వాటికి వేరే నివేదిక, వేరే కవరు. ఒకే ఆభరణం కాగితాల మీద మూడు రకాలుగా తయారైంది. సొత్తు జాబితా కోర్టుకు వెళ్లినప్పుడు, ఫిర్యాదులోని వస్తువూ స్వాధీనమైన వస్తువూ ఒకటేనని ఎలా అనుకోవాలన్న ప్రశ్నతో అది వెనక్కి వచ్చింది. ఆ ప్రశ్న సరైనదే. సమాధానం రాయవలసిన దర్యాప్తు అధికారి అప్పటికి బదిలీ అయ్యాడు, ఫైలు పట్టుకుని తిరగవలసిన కోర్టు కానిస్టేబుల్ బందోబస్తులో ఉన్నాడు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. సొత్తును తన కస్టడీకి ఇమ్మని కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. దొరికింది కనుక పోలీసులే తెచ్చి ఇస్తారని ఆవిడ, అడిగితే కోర్టు ఇస్తుందిలే అని మేము అనుకుంటూ కూర్చున్నాం.

చట్టంలో దారి లేక కాదు

సొత్తు స్టేషన్లలో మగ్గిపోవడం గురించి సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో గట్టిగా చెప్పింది. స్వాధీనమైన వస్తువులను పదిహేను రోజులు, మరీ అయితే నెల రోజులకు మించి స్టేషన్‌లో ఉంచవద్దనీ, ఆభరణాలైతే వివరమైన పంచనామా రాసి, ఫొటోలు తీసి, పూచీకత్తు మీద యజమానికి అప్పగించవచ్చనీ అందులో ఉంది. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఆ మాటకు గడువులు పెట్టింది. 497వ సెక్షన్ ప్రకారం సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారు కావాలి, ఫొటో గానీ వీడియో గానీ తీయాలి, పట్టిక తయారైన 30 రోజుల్లో దాన్ని ఏమి చేయాలో ఉత్తర్వు రావాలి. ఆ ఫొటోలు, పట్టికే తర్వాత విచారణలో సాక్ష్యంగా పనికివస్తాయి కనుక అసలు వస్తువును బీరువాలో కాపలా కాయవలసిన అవసరం ఉండదు. 105వ సెక్షన్ కింద సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయడం ఇప్పుడు ఎలాగూ తప్పనిసరి.

అయితే ఈ 14, 30 రోజుల లెక్క సొత్తు కోర్టు ముందుకు వెళ్లిన నాటి నుంచే మొదలవుతుంది. దొరికిన నాటికీ, అక్కడికి చేరిన నాటికీ మధ్య ఉన్న కాలం పూర్తిగా స్టేషన్ చేతిలోది. మా పాత కేసులను తిరగేసినప్పుడు ఎక్కువ ఆలస్యం ఆ మొదటి భాగంలోనే కనిపించింది. విలేకరుల సమావేశానికి పై అధికారులు తీరిక చేసుకునేదాకా సొత్తును ఆపి ఉంచిన సందర్భాలు కూడా అందులో ఉన్నాయి. ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు, కానీ తేదీలు తేదీలే.

దీని మీద మేము చేసింది మూడు నాలుగు మామూలు పనులు. బంగారం పోయిందని ఎవరు వచ్చినా తులాల్లో రాసుకోవడం మానేశాం. దుకాణం చీటీ ఉంటే అది, లేకపోతే పెళ్లి ఆల్బమ్‌లోనో శుభకార్యాల ఫొటోల్లోనో ఆ నగ కనిపించే ఫొటో తెమ్మంటున్నాం. కొలికి ఎప్పుడైనా మార్పించారా, అతుకు ఎక్కడ వేయించారు, పుస్తెల్లో పుట్టింటిది ఏది, అత్తింటిది ఏది, వాటి మీద ఏ గుర్తుంది అని అడిగి ఎఫ్‌ఐఆర్‌తో పాటు రాసే వాంగ్మూలంలోనే చేరుస్తున్నాం. ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు మహిళా కానిస్టేబుల్ దగ్గరుంటే వివరాలు రెండింతలు వస్తాయి. నగ గురించి ఒక ఆడమనిషి మరో ఆడమనిషికి చెప్పినంత స్పష్టంగా మాకు చెప్పదు. స్వాధీన సమయంలో మధ్యవర్తుల నివేదికలో "పసుపు రంగు లోహం" అన్న జాగ్రత్త మాట అలాగే ఉంచి, దాని కిందనే కంసాలి పరీక్షించి ఇచ్చిన తూకం చీటీ, గుర్తుల వివరం జతచేస్తున్నాం. నిందితుడు నగను కరిగించి ముద్ద చేస్తే ఇవేవీ పనికిరావు. అలాంటి కేసుల్లో ఎవరి బంగారం ఏ ముద్దలో ఉందో తేల్చలేక నలుగురు ఫిర్యాదుదారులు ఒకే ముద్ద కోసం ఎదురుచూడటం నేను చూశాను. దానికి నా దగ్గర మంచి పరిష్కారం లేదు. తాకట్టు దుకాణాలకు కరిగించకముందే చేరుకోవడం ఒక్కటే దారి.

ఆ పెద్దావిడకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేయించాం. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఈ సాయం అందుతుంది. నగను మార్చకూడదు, అమ్మకూడదు, పిలిచినప్పుడు చూపించాలి అన్న షరతులతో కస్టడీ ఉత్తర్వు వచ్చింది. కవరు లక్క సీలు విప్పి, పుస్తెలు అరచేతిలో పెట్టుకుని ఆవిడ ముందుగా చేసిన పని వాటిని వెనక్కి తిప్పి చూసుకోవడం. ఎందుకని రైటర్ అడిగితే, పుట్టింటి పుస్తె మీద చిన్న నొక్కు ఉండాలట.

అంకెలు ఎందుకు పోల్చలేం

గడి గీశాక గమనించిన ఇంకో సంగతి వార్షిక పోలికల గురించి. 2025 సంవత్సరం కొత్త చట్టాల కింద మొదలై ముగిసిన మొదటి పూర్తి క్యాలెండర్ సంవత్సరం. 2024లో ఆరు నెలలు ఐపీసీ కింద, ఆరు నెలలు న్యాయ సంహిత కింద కేసులు కట్టాం. గొలుసు తెంపుకుపోవడం ఐపీసీలో ప్రత్యేక నేరం కాదు. సందర్భాన్ని బట్టి దొంగతనంగానో, దోపిడీగానో నమోదయ్యేది. ఇప్పుడు 304వ సెక్షన్‌లో దానికంటూ ఒక చోటు ఉంది. కనుక "గొలుసు దొంగతనాలు పెరిగాయి" అని ఎవరైనా పట్టిక చూసి అంటే, పెరిగింది నేరమా, ఆ నేరానికి పెట్టిన గడా అని ఒకటికి రెండుసార్లు చూడాలి.

దీనికి అవతలి వైపు మరింత ఇబ్బందికరమైనది. కొత్త చట్టం ప్రకారం 5,000 రూపాయల లోపు విలువ ఉన్న వస్తువు దొంగతనం నాన్‌కాగ్నిజబుల్. కోర్టు అనుమతి లేకుండా మేము దర్యాప్తు మొదలుపెట్టలేం. వివరం రాసుకుని ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరకు పంపాలి. రైతుబజారులో కూరగాయలు అమ్మే మనిషి వాడే పాత ఫోను, కూలీ సైకిలు, తోపుడుబండి మీది గ్యాసు స్టవ్ ఈ గీత కిందకు వస్తాయి. పట్టికలో చిన్న దొంగతనాలు తగ్గినట్టు కనిపిస్తే అందులో కొంత ఈ గీత పుణ్యం. మా నివేదికలో ఈ రెండు విషయాలను పట్టిక కింద రెండు వాక్యాల్లో రాశాను. పట్టిక కింద రాసిన వాక్యాలను ఎవరూ చదవరని తెలుసు, అయినా రాశాను.

ఫోన్లు, బళ్లు, బ్యాంకులో ఆగిన డబ్బు

వార్షిక సమీక్షల్లో అందరికీ నచ్చే భాగం ఫోన్ల అప్పగింత. 2023 మే నెలలో దేశమంతటా అందుబాటులోకి వచ్చిన సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో, ప్రతి ఫోనుకూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరుతో ఫోనును బ్లాక్ చేస్తే, అందులో ఎవరైనా కొత్త సిమ్ వేసిన వెంటనే మాకు సమాచారం వస్తుంది. ఒడిశాలోనో బెంగాల్‌లోనో తేలిన ఫోనును అక్కడివారితో మాట్లాడి కొరియర్‌లో తెప్పిస్తాం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం తర్వాత ఈ పని ఒక్కసారిగా పెరుగుతుంది. విజయదశమి తర్వాతి మంగళవారం మూడులాంతర్ల నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ కొద్ది గంటల్లో, తలలు పైకెత్తి సిరిమాను మీది పూజారిని చూస్తూ చేతులు జోడించిన జనం మధ్య జేబులోంచి ఫోను తీయడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. ఫోన్లు త్వరగా తిరిగి ఇవ్వగలగడానికి కారణం మా చురుకుదనం ఒక్కటే కాదు. వాటిలో చాలావరకు పోయిన వస్తువుగా నమోదవుతాయి తప్ప కేసులోకి, కోర్టులోకి వెళ్లవు. ఫోన్ల అప్పగింతలో మంచి అంకె చూపి, బంగారం దగ్గర కూడా అలాగే ఉందనుకోవడం మమ్మల్ని మేమే మోసం చేసుకోవడం.

మోటారు సైకిళ్ల సంగతి వేరు. ఏ స్టేషన్ ఆవరణలో చూసినా గోడవారన తుప్పు పట్టిన బళ్ల వరస ఉంటుంది. మా ఆవరణలో ఒక బండి సీటులోంచి వేపమొక్క మొలిచి, మోకాలెత్తు పెరిగింది. ఏప్రిల్‌లో ఒక ఏఎస్సైకి, ఇద్దరు హోంగార్డులకు ఈ పని అప్పగించాను. ఛాసిస్ నంబరు మీది మడ్డిని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీసి, వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ డేటాబేసులో యజమాని పేరు పట్టుకోవడం మొదటి మెట్టు. బండి పోయిందని బీమా కంపెనీ ఇప్పటికే డబ్బు చెల్లించి ఉంటే బండి మీద హక్కు ఆ కంపెనీకి పోతుంది కనుక వారికీ ఉత్తరం రాయాలి. చోరీ కేసుల్లో దొరికినవాటికి కోర్టులో దరఖాస్తులు వేయించాం. ఉంచడానికి సరైన చోటు లేనప్పుడు, దర్యాప్తుకు ఇక అవసరం లేనప్పుడు, మేజిస్ట్రేటుకు తెలియజేసి పూచీకత్తు రాయించుకుని అప్పగించే వీలు నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్‌లో ఉంది. ఎండావానల్లో పడి ఉన్న బళ్లకు ఇంతకన్నా సరిపోయే సెక్షన్ లేదు. యజమాని ఎవరో తెలియని బళ్లకు అదే సంహిత 503వ సెక్షన్ కింద ప్రకటన వేయిస్తే ఆరు నెలల గడువు ఉంటుంది.

ఈ పనిలో మాకు ఒక దెబ్బ తగిలింది. ఒక బండిని ఆర్‌సీలో పేరున్న వ్యక్తికి అప్పగించాం. పదిరోజులకు మరొకతను అర్జీ పట్టుకుని వచ్చాడు. రెండేళ్ల క్రితమే ఆ బండిని కొన్నాననీ, డబ్బు మొత్తం ఇచ్చేశాననీ, పేరు మార్చుకోలేదు గానీ పోయినప్పుడు ఫిర్యాదు ఇచ్చింది తానేననీ అతని మాట. ఫిర్యాదుదారు పేరు మా ఫైలులోనే ఉంది. మేము ఆర్‌సీ చూశాం, మా ఎఫ్‌ఐఆర్ చూసుకోలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే ఆర్‌సీదారు బండి వదలనన్నాడు; చివరికి వ్యవహారం మళ్లీ కోర్టుకే వెళ్లింది. ఆ రోజు నుంచి అప్పగింత కాగితంలో ఫిర్యాదుదారు, ఆర్‌సీదారు వేరైతే ఇద్దరికీ నోటీసు ఇచ్చిన తర్వాతే అన్న వాక్యం చేర్చాం. ముందే చేర్చి ఉండవలసింది.

సైబర్ మోసాల్లో "రికవరీ" అన్న మాట మరీ జారుడుగా ఉంటుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు వెంటనే ఫోన్ చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాలో మిగిలిన మొత్తాన్ని బ్యాంకు ఆపి ఉంచుతుంది. వార్షిక నివేదికల్లో ఆ ఆగిన మొత్తం రికవరీలా ధ్వనిస్తుంది. డబ్బు ఆగడం ఒకటి, బాధితుడి ఖాతాలో పడడం మరొకటి. పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు అని బెదిరిస్తే పదవీ విరమణ డబ్బు పంపేసిన ఒక ఉపాధ్యాయుడు, తన డబ్బు ఫలానా బ్యాంకులో ఆగి ఉందని తెలిసినా, దాన్ని రప్పించుకోవడానికి ఏ కోర్టులో ఏ కాగితం వేయాలో తెలియక నెలల తరబడి మా చుట్టూ తిరిగారు. (డిజిటల్ అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదని ప్రతి సభలో చెబుతున్నాం, విన్నవారు కూడా ఆ ఫోన్ వచ్చిన క్షణంలో మరిచిపోతున్నారు.) ఇప్పుడు ఫిర్యాదు అందిన నంబరు, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు ఎంత వెళ్లింది, ఎంత ఆగింది అన్న పట్టికతో ఒక దరఖాస్తు నమూనాను తెలుగులో తయారు చేసి ఫిర్యాదుదారు చేతికే ఇస్తున్నాం. దీనికి ఇంకో ముఖం ఉంది. మోసగాడు నాలుగిడ్లీలు తిని ఫోన్‌పేలో డబ్బు కొడితే టిఫిన్ బండి మనిషి ఖాతా మొత్తం ఆగిపోయిన సంగతులు మా దగ్గరకు వచ్చాయి. అతని డబ్బు అతనికి విడిపించడం కూడా ఆ గడిలోకే వస్తుందని మేము లెక్కపెట్టుకున్నాం.

రోడ్డు మీద పోయినవాళ్లు

సొత్తుకు పెట్టిన ప్రశ్ననే ప్రమాదాలకు పెట్టి చూడడం ఆ ఏడాది ద్వితీయార్ధంలో మొదలుపెట్టాం. ఒక వైపు సాలూరు మీదుగా కోరాపుట్ నుంచి వచ్చి నాతవలస దగ్గర పదహారో నంబరు రహదారిలో కలిసే జాతీయ రహదారి 26, మరోవైపు భోగాపురం విమానాశ్రయం కారణంగా పెరుగుతున్న లారీలు, కార్ల రాకపోకలు. ప్రమాదాల నివారణ గురించి, హెల్మెట్ల గురించి ప్రతి సమీక్షలోనూ పేజీలు ఉంటాయి. మనిషి పోయిన ఇంటికి రావలసినది వచ్చిందా అన్న వరస మాత్రం ఉండదు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 50 రోజుల్లో మధ్యంతర నివేదికను, 90 రోజుల్లో పూర్తి వివరాల నివేదికను దర్యాప్తు అధికారి పరిహార ట్రిబ్యునల్‌కు అందించాలి. బాధితుడికి అతని హక్కుల వివరం మొదటి పది రోజుల్లోనే ఇవ్వాలి. గుద్ది పారిపోయిన వాహనం దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఉంది. దానికి రెవెన్యూ అధికారి దగ్గర దరఖాస్తు చేసుకోవాలి. 2025 మే నెలలో నోటిఫై అయిన పథకం కింద ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం కూడా దొరుకుతుంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఒక కేసులో వాహనం దొరకలేదని మేము తుది నివేదిక వేసి ఫైలు మూసేశాక, భర్తను పోగొట్టుకున్న అమ్మాయికి ఆ 2 లక్షల గురించి ఎవరూ చెప్పలేదని ఆమె అన్నగారు మరో పని మీద స్టేషన్‌కు వచ్చినప్పుడు మాటల్లో తెలిసింది. మా దృష్టిలో "వాహనం దొరకలేదు" అంటే కేసు ముగింపు. చట్టం దృష్టిలో ఆమె దరఖాస్తు అక్కడే మొదలవ్వాలి. గుర్తు తెలియని వాహనం కేసుల పాత ఫైళ్లను తీసి, ఆ కుటుంబాలకు ఒక్కొక్కరికీ ఉత్తరాలు రాయడం నవంబరులో మొదలుపెట్టాం. కొన్ని చిరునామాల్లో ఇప్పుడు ఎవరూ లేరు, వలస వెళ్లిపోయారు.

గంజాయి గురించి ఇక్కడ ఒక్క మాట చాలు. అది ఎవరికీ తిరిగి ఇవ్వవలసినది కాదు, ధ్వంసం చేయవలసినది. కానీ మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీసి, మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 52ఏ సెక్షన్ కింద ధ్రువీకరణ అయ్యేదాకా అది మా సొత్తు గదిలో సగం ఆక్రమిస్తుంది, వర్షాకాలంలో బూజు పడుతుంది, ఆ వాసనకు పక్క గదిలో రాత్రి సెంట్రీ కూర్చోలేడు. గదిలో చోటు లేకపోవడం వల్లే మిగతా సొత్తు వరండాలోకి వస్తోంది. మహిళలు, పిల్లల మీద నేరాల్లో పరిహారం సంగతి కూడా ఈ ప్రశ్న కిందకే వస్తుంది, అయితే ఆ కేసుల వివరాలు ఏ రూపంలోనూ బయట చర్చించదగినవి కావు.

వచ్చే ఏడాదికి

గడి గీయడం వల్ల పని మొత్తం చక్కబడిందని చెప్పలేను. సిరిమానోత్సవానికి ముందూ వెనకా రెండు వారాలు ఆ గడిలో ఒక్క తేదీ పడలేదు, ఎందుకంటే మా కోర్టు కానిస్టేబుల్‌ను కూడా జనాన్ని ఆపే తాళ్ల దగ్గర నిలబెట్టాం. కనుక 2026కు నేను రాసిన ప్రాధాన్యాల్లో కెమెరాలు, డ్రోన్ల కన్నా ముందు వరసలో ఉన్నది ఆ మనిషి. ఏ బందోబస్తు ఉన్నా కోర్టు కానిస్టేబుల్‌ను, అతనికి తోడుగా మరొకరిని కదిలించకూడదని అడిగాను. కొత్త కెమెరాలు అడిగితే సులువుగా మంజూరవుతాయి, ఒక మనిషిని ఒకే పని మీద ఉంచడానికి మాత్రం ఎవరి మనసూ ఒప్పదు. అది ఈ శాఖలో నేను నేర్చుకున్న పాత సంగతి.

రెండోది, దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు తెలియజేయాలన్న నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ నియమం. ఇప్పటిదాకా దీన్ని ఫోనుకు వెళ్లే ఒక వరస సందేశంతో సరిపెడుతున్నాం. సొత్తు దొరికిన కేసుల్లో ఆ సందేశంతో పాటు, వస్తువు ఇప్పుడు ఎక్కడ ఉంది, ఏ కోర్టులో ఏ దరఖాస్తు వేయాలి, ఉచిత న్యాయసాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు అన్న మూడు వాక్యాలు తెలుగులో రాసిన కాగితం ఇంటికి చేరాలి. చదవలేనివారికి బీట్ కానిస్టేబుల్ చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ప్రమాదాల్లో 48 గంటల నివేదిక ఎన్ని కేసుల్లో గడువులో వెళ్లిందో నెల నెలా నేర సమీక్షలో చెప్పాలని కూడా పెట్టుకున్నాం. 5,000 లోపు దొంగతనాలకు విడిగా ఒక పుస్తకం పెట్టి, కేసు కట్టలేకపోయినా ఆ పేట పేరు, వేళ రాసుకోవాలన్నది మా ఏఎస్సై ఆలోచన; రాత్రి గస్తీ ఎక్కడ పెంచాలో పెద్ద కేసుల కన్నా ఆ పుస్తకమే బాగా చెబుతుందని అతని వాదన. నాకు సబబుగానే తోచింది. సొత్తు గదికి బార్‌కోడ్లు, రెండో గది అడిగాం. గది రాకపోవచ్చు.

ఇది రాసే నాటికి గోడవారన బళ్లలో చాలావరకు వెళ్లిపోయాయి. యజమాని తెలియనివి మిగిలాయి. వాటికి ప్రకటన పడి ఆరు నెలల గడువు నడుస్తోంది. వేపమొక్క ఉన్న బండి వాటిలోదే. ఛాసిస్ నంబరులో చివరి మూడు అంకెలు అరిగిపోయి పెన్సిల్ అచ్చుకు అందలేదు. ఆ మూడు అంకెల కోసం ఏఎస్సై దాన్ని ఆధారాలు పరిశీలించే క్లూస్ టీమ్‌కు చూపించాలంటున్నాడు. మొక్కను మాత్రం హోంగార్డులు వేళ్లతో సహా తీసి, స్టేషన్ వెనుక నుయ్యి పక్కన నాటారు.